మడమ లేని ఏడు

"బానెట్ ఎత్తి పక్కకి జరగండి డాక్టరు గారూ," అంది కొలతలమ్మ.

పళ్ల డాక్టరు బానెట్ ఎత్తాడు గానీ పక్కకి జరగలేదు. బండి కొని పదకొండు రోజులే అయింది. క్లినిక్ వెనక షెడ్డులో, తొలిచూలు బిడ్డను పదిమందికీ చూపించే తండ్రిలా, గర్వమూ బెంగా కలిసిన ముఖంతో బండినే అంటిపెట్టుకుని నిలబడ్డాడు.

టైము ఉదయం తొమ్మిది నలభై. సాయంత్రం నాలుగింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో విచారణ. ఈలోగా తేలవలసింది ఒక్కటే: ఈ ఆకుపచ్చ స్పోర్ట్స్ కారు అసలుదా, నకలుదా?

దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. మూతపడేలోగా చేసినవి పందొమ్మిది బళ్లు. వాటిలో ఏడో నంబరుకు ఉన్న పేరు తక్కిన పద్దెనిమిదింటికీ కలిపినా రాదు, ఎందుకంటే కొండ రేసు గెలిచింది అదే. డాక్టరు కొన్నది ఆ ఏడో నంబరునే. చిక్కేమిటంటే మిల్లు యజమాని ఇంట్లో పన్నెండేళ్లుగా ఇంకో ఏడో నంబరు బండి ఉంది. డాక్టరు బండి నకలని ఆయన ఫిర్యాదు చేశాడు. ఒక నంబరు మీద రెండు బళ్లు తిరగడానికి వీల్లేదు, కాబట్టి ఇవాళ ఒకటి రాజు, ఒకటి దొంగ.

కొలతలమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లకు కూడా సరిగ్గా గుర్తులేదు. యాభై మూడేళ్ల మనిషి. తండ్రి లేతు షాపులో ఇనప రజను మధ్య పెరిగింది. పాత బళ్ల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం ఆమె వృత్తి. దొంగ బళ్ల కేసుల్లో పోలీసులే ఆమె గుమ్మం తొక్కుతారు. ఇరవై రెండేళ్లలో ఆమె ఔనన్న బండి కాదని తేలలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు. ఆ నడక చూస్తే చాలు, చెప్పక్కర్లేదు.

"ముందే ఒక మాట," అంది బానెట్ లోపలికి లైటు వేస్తూ. "మిల్లాయన బండి అసలుదని పన్నెండేళ్ల కింద సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. తెలిసే పిలిచారా?"

"తెలిసే పిలిచానమ్మా."

"మీ బండి అసలుదని తేలితే నా మాట పోతుంది. మిల్లాయనది అసలుదని తేలితే మీ బండి పోతుంది. ఎటుపోయినా ఒకరం మునుగుతాం."

"మీరు తప్పయితే తప్పని ఒప్పుకునేది కూడా మీరొక్కరేనని విన్నాను. అందుకే పిలిచాను."

ఆ మాట కొలతలమ్మకు నచ్చింది. పొగడ్త ఎక్కడ తగలాలో పళ్ల డాక్టరుకు తెలుసు, నరం ఎక్కడుందో తెలిసినవాడు కదా.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. రేకులన్నీ చేత్తో సుత్తిపెట్టి సాగగొట్టినవి. అందుకని ఒక బండి డోరు ఇంకో బండికి పట్టదు. ప్రతి రేకునూ బిగించి సరిచూసుకున్నాక దాని లోపలివైపు ఆ బండి నంబరును అంకెల పంచ్‌తో, అంటే కొసన అంకె చెక్కిన ఉక్కు కడ్డీతో, కొట్టేవాళ్లు. అసలు నకలు తేల్చేవాళ్లకు అవే సాక్ష్యం.

బానెట్ లోపల 07. డిక్కీ మూత లోపల 07. కుడి డోరు 07. ఎడమ డోరు దగ్గరికొచ్చేసరికి కొలతలమ్మ చెయ్యి ఆగింది.

అక్కడ 11 అని ఉంది.

ఆమె బండి కిందికి దూరింది. చాసిస్ ఎడమ ముందు చివర, జానెడు మేర, కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేసినట్టుంది. చాసిస్ నంబరు సరిగ్గా ఆ కొత్త ముక్క మీదే కొట్టి ఉంది. ఇంకెవరైనా అయితే అక్కడితో లైటు ఆర్పేసి ఇంటికి పోయేవాళ్లే.

"ఏం మరదలా, ఈ వయసులో బండి కింద దూరావు?"

గుమ్మంలో పాలిష్ చేసిన బూట్లు కనిపించాయి. బూట్లను బట్టే ఆమెకు మనిషి తెలిసిపోయాడు. వేలం కంపెనీ నిపుణుడు. ఇవాళ మిల్లు యజమాని తరఫున వాదించబోయేవాడు. అన్నిటికీ మించి, ఆమె మేనత్త కొడుకు. ఇద్దరూ ఒకే షాపులో, ఆమె తండ్రి దగ్గరే పని నేర్చుకున్నారు.

"బండి కింద దూరడం మానేసిన రోజే నీకు వయసొచ్చింది బావా. నాకింకా రాలేదు," అంది ఆమె బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ.

"చూశావుగా? డోరు పదకొండో బండిది. చాసిస్ నంబరు అతుకు ముక్క మీద ఉంది. మూడు బళ్ల శవాలు కలిపి కుట్టిన అతుకుల బొంత ఇది. డాక్టరు గారూ, ఏమీ అనుకోకండి, కట్టుడు పళ్లు చూసి మీరు సొంత పళ్లనుకున్నారు."

డాక్టరు ముఖం మాడిపోయింది.

బావ ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. "ఇది చదువు మరదలా. దస్తూరీ గుర్తుపట్టావా?"

"నాదే. మిల్లాయన బండికి ఇచ్చింది. బానెట్, డిక్కీ, రెండు డోర్లు, చాసిస్, అన్నింటి మీదా 07. కంపెనీ రిజిస్టరుతో పొల్లుపోకుండా సరిపోయింది."

"మరి నీ మాట మీద నువ్వే నిలబడవా?"

"నిలబడేముందు నేల గట్టిదో కాదో చూసుకుంటాను."

"నాలుగింటికల్లా చూసుకో. నీ సంతకంతోనే నీ నోరు మూయించాల్సి వస్తే నాకూ బాధే," అని నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వు చిన్నప్పటినుంచీ అంతే, సగం ముఖానికే వస్తుంది.

అతను వెళ్లాక ఆమె ఎడమ డోరు వెనక అంచున అతికించిన గుడ్డను మెల్లగా ఊడదీసింది. లోపల సన్నటి పసుపు గీత. ఇత్తడి కరిగించి అతికిన అతుకు. కొలబద్ద పెట్టింది. డోరు నాలుగు మిల్లీమీటర్లు చాలకపోతే, అంత వెడల్పు రేకు పట్టీ వేసి, ఇత్తడితో అతికి, వేలితో తడిమినా తెలియనంత నున్నగా సానపట్టారు.

"డాక్టరు గారూ, పాత సామాను షాపులో దొరికిన డోరు తగిలించి అమ్ముకునేవాడు నాలుగు మిల్లీమీటర్ల కోసం ఇంత కష్టపడతాడా?"

"పడడు. పుట్టీ మెత్తి రంగేస్తాడు."

"ఇది డబ్బుకోసం చేసిన పని కాదు. పరువుకోసం చేసిన పని. చేసినవాణ్ని చూసొస్తాను."

*

ఆ కంపెనీలో రేకులు కొట్టినవాళ్లలో బతికున్నది ఒక్కడే. ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. ఊరంతా అతన్ని సుత్తి మేస్త్రీ అంటారు. పదకొండున్నరకు కొలతలమ్మ వెళ్లేసరికి వెనక గదిలో బల్ల ముందు కూర్చుని, పక్కింటివాళ్ల సొట్టగిన్నెను సరిచేస్తున్నాడు.

"మీరే వినాలమ్మా ఇవాళ," అంది కోడలు మంచినీళ్లిస్తూ. "మా మామగారు సుత్తి పట్టుకున్నా సుత్తే, కింద పెట్టినా సుత్తే. నా చెవులు చిల్లులు పడ్డాయి."

"నువ్వు పోవే. ఎవరమ్మా నువ్వు?"

"కొలతలమ్మని బాబాయ్. లేతు షాపాయన కూతుర్ని."

ముసలాయన కళ్లెత్తి చూశాడు. "మీ నాన్న చెయ్యి మంచి చెయ్యి. మా కంపెనీలోకి రానివ్వలేదు మా పెద్దాయన. బయటివాడి చేతికి మన రేకు లొంగదన్నాడు. ఆ మాట మీ నాన్నకి గుచ్చుకుందని విన్నాను."

కొలతలమ్మకు ఆ సంగతి తెలియదు. మనసులో ఒక మూల పెట్టుకుని అసలు ప్రశ్నకు వచ్చింది.

"ఏడో నంబరు బండి గురించి వచ్చాను. కొండ రేసుకు ముందు దానికేమైనా అయిందా?"

సుత్తి ఆగింది. "ఏం కాలేదు."

"డోరేమైనా మార్చారా?"

"రిజిస్టరు చూసుకో. అందులో లేనిది జరగలేదు."

"రిజిస్టర్లో లేదనే మీ దగ్గరికొచ్చాను."

"పెద్దాయనకి మాటిచ్చాను. ఇంక అడక్కు." మళ్లీ సుత్తి మొదలైంది.

కొలతలమ్మకు ఆ రకం తెలుసు. మాటిచ్చిన మనిషిని బతిమాలితే బిగుసుకుంటాడు. పనివాణ్ని మాట్లాడించాలంటే పని మీద కొట్టాలి. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, లేవబోతూ నిట్టూర్చింది.

"మీదై ఉంటుందని అనవసరంగా వచ్చాను బాబాయ్. ఆ డోరు మీ పని కాదులెండి. ఎవడో చేతకానివాడు పెట్టాడు. చెత్తకుప్పలోంచి తెచ్చి తగిలించిన డోరని ఇవాళ నాలుగింటికి ఆఫీసరు ముందు కాగితం మీదే చదవబోతున్నారు."

"ఎవడు?"

"వేలం కంపెనీ నిపుణుడు."

"వాడి తలకాయ!" సుత్తి బల్ల మీద పడింది. గిన్నె ఎగిరి నేలమీద దొర్లింది. "ఆ డోరుకి నాలుగు మిల్లీమీటర్ల పట్టీ వేశాను. ఇత్తడి కరిగించి వేశాను. రాత్రి రాత్రంతా కూర్చుని వేశాను! వేలు పెట్టి చూడమను వాణ్ని. తెలుస్తుందేమో చెప్పమను. చెత్తకుప్పట!"

కోడలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. కొలతలమ్మ మళ్లీ కూర్చుంది.

ఇక ఆగలేదు ముసలాయన. రేసుకు ముందురోజు మధ్యాహ్నం ట్రయలు నడుపుతూ డ్రైవరు ఏడో నంబరును రాతిగోడకు గుద్దేశాడు. ఎడమ డోరు నుజ్జయింది. చాసిస్ ఎడమ ముందు చివర వంగింది. చాసిస్ రిపేరు చేసిన బండిని మళ్లీ తనిఖీ చెయ్యకుండా దింపకూడదని రేసు వాళ్ల రూలు. తనిఖీకి టైము లేదు. కంపెనీ పెద్దాయన షెడ్డు తలుపులు వేయించి, ఎవరూ ఎక్కడా రాయకూడదు, చెప్పకూడదు అని ఒట్టు వేయించుకున్నాడు. అప్పుడే తయారైన పదకొండో బండి డోరు ఊడదీసి దీనికి బిగించారు. వంగిన చాసిస్ ముక్క కోసేసి కొత్తది వేసి, అదే నంబరు మళ్లీ కొట్టారు. పొద్దున ఏడింటికి బండి గీత దగ్గర నిలబడింది. గెలిచింది.

"డోరు మీద పదకొండు చెరిపేసి ఏడు కొట్టొచ్చుగా బాబాయ్?"

"కొట్టిన నంబరు చెరపడం మా దగ్గర లేదమ్మా. తప్పు కొట్టినా చెరపం. చెరిపేవాడు దొంగ, పనివాడు కాడు."

కొలతలమ్మకు లెక్క తేలింది. రిజిస్టరుతో పొల్లుపోకుండా సరిపోయిన బండే దొంగది. రిజిస్టరులో ఉన్నది చూసి చేసినవాడికి రిజిస్టరులో లేని డోరు సంగతి తెలిసే దారి లేదు. ఆ రిజిస్టరునే నమ్మి సంతకం పెట్టింది తను.

"నోటిమాట చాలదు బాబాయ్. ఆ రాత్రి చాసిస్ మీద కొట్టిన నంబరు మీ కంపెనీ పంచ్‌తోనే కొట్టారని చూపించడానికి ఏదైనా గుర్తుందా?"

ముసలాయన నవ్వాడు. పళ్లు లేని ఆ నవ్వులో నలభై ఏళ్ల గర్వం ఉంది.

"ఐదో బండి నాడు ఏడంకె పంచ్ నా చేతిలోంచే జారి దిమ్మ మీద పడింది. కింద మొన విరిగింది. కొత్తది తెప్పించమంటే పెద్దాయన తెప్పించలేదు. మా ఏడుకి మడమ ఉండదమ్మా. కాలు కిందికి దిగి, కుడివైపు తెగి ఉంటుంది. మా పందొమ్మిది బళ్లలో ఏడంకె పడింది రెండింటి మీదే. ఏడో దాని మీదా, పదిహేడో దాని మీదా. పదిహేడోది ఏనాడో కాలిపోయింది."

*

ఒంటిగంట ఇరవైకి మళ్లీ షెడ్డు. చాసిస్ మీద రంగు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. రంగు కరిగించే మందు దూదితో అద్ది, పావుగంట తుడిస్తే గానీ ఇనుము కనబడలేదు. నంబరు ఉన్నది లోపలివైపు, తల పట్టని చోట.

"ఉండండమ్మా. ఇది నా పని," అన్నాడు పళ్ల డాక్టరు.

క్లినిక్‌లోకి పరుగెత్తి చిన్న అద్దం, గులాబిరంగు ముద్ద తెచ్చాడు. దవడ పళ్లకు అచ్చు తీసే ముద్ద. తెల్లకోటుతోనే బండి కింద వెల్లకిలా పడుకుని, ముద్దను నంబరు మీద అదిమి పట్టుకున్నాడు. "నోరు ఇంకాస్త తెరవండి అనాలనిపిస్తోంది," అని కింద నుంచి అతని గొంతు వినబడింది. మూడు నిమిషాలకు ముద్ద గట్టిపడింది. మెల్లగా ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

అచ్చులో అంకెలు తిరగబడి ఉండటంతో, డాక్టరు పట్టిన అద్దంలోకి కొలతలమ్మ భూతద్దంతో చూసింది. సున్నా నిండుగా ఉంది. ఏడు కాలు కిందికి దిగి, కుడివైపు తెగి ఉంది.

మడమ లేదు.

"అసలుదేనా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"అసలుదే. అతుకులతో సహా అసలుదే. మీరు కొన్నది కొండ రేసు గెలిచిన బండి డాక్టరు గారూ."

ఆయన అద్దం పట్టుకునే నేలమీద చతికిలబడ్డాడు. కళ్ల నీళ్లు తుడుచుకుని, బండి చక్రం మీద చెయ్యి వేసి, "నేను చెప్పలా!" అన్నాడు. ఎవరికి చెప్పాడో ఆయనకే తెలియాలి.

కొలతలమ్మ తన పాత నోటుబుక్కు తెరిచింది. పన్నెండేళ్ల కింద మిల్లాయన బండి చాసిస్ మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు అందులో ఉంది. ఆ ఏడుకు మడమ నిండుగా ఉంది. సాక్ష్యం ఇన్నాళ్లూ తన బుక్కులోనే ఉంది, చూడటం తనకే తెలియలేదు.

అయితే ఆ ఏడులో ఇంకొకటి ఉంది. పైగీత ఎడమ కొస కొద్దిగా కిందికి వాలింది. కొన్న పంచ్‌లకు అలా ఉండదు. చేత్తో చెక్కుకున్న పంచ్ అది. ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడ?

ఆమె స్పానరు తీసి సంచిలో పెట్టబోయి ఆగిపోయింది. పిడి మీద 27 అని ఉంది. వాళ్ల లేతు షాపు నంబరు. షాపులో ప్రతి పనిముట్టు మీదా తండ్రి స్వయంగా కొట్టిన నంబరు. పంచ్‌లు కూడా ఆయన చేత్తో చేసుకున్నవే.

ఈ ఏడులోనూ పైగీత ఎడమ కొస కొద్దిగా కిందికి వాలింది.

స్పానరును నోటుబుక్కు పక్కన పెట్టి కొలిచింది. ఎత్తు, వెడల్పు, వాలు, వెంట్రుకవాసి తేడా లేదు. మళ్లీ కొలిచింది. మూడోసారి కొలవడానికి చెయ్యి రాలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన సామెత తనలాంటివాళ్ల కోసమే పుట్టి ఉంటుంది.

"ఏమైందమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు. మీ కేసు అయిపోయింది. నాది మొదలైంది."

*

మూడు యాభైకి రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో బావ ఎదురొచ్చాడు. ఆమె చేతిలో స్పానరు చూడగానే అతని సగం నవ్వు కూడా పోయింది.

"నీకు మొదటినుంచీ తెలుసు," అంది ఆమె.

"మావయ్య సుత్తి పట్టుకుంటే లైటు పట్టుకున్నది నేనే." గొంతు తగ్గించాడు. "విను. డాక్టరు బండి అసలుదని చెప్పుకో, నేను ఎదురు చెప్పను. మిల్లాయన్ని నేను సర్దుకుంటాను. కానీ ఆ రెండోది ఎవరు చేశారో నీకు తెలీదు. అంతే. ఎనభై మూడేళ్ల ముసలాయన పరువు తీస్తావా? కన్నకూతురివి!"

"కన్నకూతుర్నే. అందుకే నాకు అబద్ధం కొలవడం రాదు."

"నీ సర్టిఫికెట్ తప్పని నువ్వే చెప్పుకుంటే రేపట్నుంచి నీ గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"నిజం కావలసినవాళ్లు తొక్కుతారు. మిగతావాళ్లకి నువ్వున్నావుగా బావా."

సరిగ్గా నాలుగింటికి తలుపు తీశారు. బల్లకు ఒక పక్క మిల్లు యజమాని, బావ. ఇంకో పక్క డాక్టరు, కొలతలమ్మ. ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని ఆమె పాత సర్టిఫికెట్ చదివాడు. చదవడం అవగానే ఆమె లేచింది.

"అది తప్పండి. రాసింది నేను. తప్పూ నాదే."

మిల్లు యజమాని కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె ఆగలేదు. గులాబిరంగు అచ్చు, పెన్సిలు అచ్చు పక్కపక్కన పెట్టి, డోరు సంగతి, రేసు సంగతి, విరిగిన పంచ్ సంగతి పది నిమిషాల్లో చెప్పింది. సుత్తి మేస్త్రీ రాసిచ్చిన కాగితం మీద వేలిముద్ర కాదు, వంకరటింకరగా సంతకం ఉంది. ఆ సంతకం తానే పెడతానని ఆయన పట్టుబట్టాడు. ఆఫీసరు భూతద్దం తీసుకుని రెండు ఏడులనూ చాలాసేపు చూశాడు.

"డాక్టరు గారి బండి అసలుది. ఒప్పుకుంటున్నాను," అన్నాడు చివరికి. "ఈ రెండోది ఎవరు చేశారో మీకు తెలుసా?"

బావ ఆమెకేసి చూశాడు. తెలీదు అన్న మూడక్షరాల మాట చాలు. ఎవరూ ఇంకొక ప్రశ్న వెయ్యరు.

"తెలుసు," అంది కొలతలమ్మ. స్పానరు తీసి బల్ల మీద పెట్టింది. "మా నాన్న. ఇది ఆయన పంచ్. పోల్చి చూసుకోండి."

ఆఫీసరు స్పానరును పెన్సిలు అచ్చు పక్కన పెట్టి చూశాడు.

"ఇరవై రెండేళ్లలో నన్ను మోసం చెయ్యగలిగింది ఒక్క మనిషేనండి. నాకు కొలవడం నేర్పినవాడు. రాసుకోండి."

ఆ మాట అన్నప్పుడు ఆమె తల దించుకోలేదు. సిగ్గుపడాల్సిన చోట గర్వం ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు గానీ, వచ్చింది. నలుగురి ముందూ దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"రేపు పొద్దున తొమ్మిదింటికి వచ్చి మీ నాన్నగారి వాంగ్మూలం తీసుకుంటాం," అన్నాడు ఆఫీసరు. మిల్లు యజమాని, నకలని తనకూ తెలియదంటూ బల్ల గుద్దుతున్నాడు. బావ కుర్చీ అప్పటికే ఖాళీగా ఉంది.

*

నాలుగు ముప్పై ఐదుకు, ఆఫీసు మెట్ల మీద నిలబడి ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, మిల్లాయన ఏడో నంబరు బండి నీ చేతి పనేనా?"

అవతల గరగరమనే ఆ ముసలి గొంతు.

"పన్నెండేళ్లు పట్టిందిటే నీకు?"

"ఎందుకు చేశావు?"

"బయటివాడి చేతికి ఆ రేకు లొంగదన్నారు. లొంగదీసి చూపించాను. నకలని చెప్పే మీ బావ చేతికిచ్చాను. నెల తిరక్కుండా అది సర్టిఫికెట్ కోసం నీ దగ్గరికే వచ్చింది."

"చెప్పొచ్చుగా!"

"మన పంచ్‌తోనే కొట్టానుగా. చూస్తావనుకున్నా. నువ్వు సంతకం పెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. నా చేతిని చూసి పొంగిపోవాలో నీ కంటిని చూసి కుంగిపోవాలో తెలీలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది."

"రేపు తొమ్మిదింటికి ఆఫీసరు వస్తాడు. ఉన్నదున్నట్టు చెప్పాలి నాన్నా."

"చెప్తాను. భయమా నాకు? ఇంతకీ దేన్నిబట్టి పట్టుకున్నావు?"

"కంపెనీ ఏడుకి మడమ విరిగింది. నీ ఏడుకి ఉంది."

"విరిగిందా!" ముసలాయన గొంతు ఒక్కసారి పాతికేళ్ల కుర్రాడి గొంతయింది. "అది నాకు తెలీదే! భలే పట్టావే, భలే పట్టావు. అయితే మిగతా రెండూ కూడా ఇలాగే పట్టుకున్నావన్నమాట."

"ఏ రెండు?"

"మూడోది, పదిహేనోది. అవి దొరికాకే ఫోన్ చేశావనుకున్నాను. వాటికీ నీ సంతకమేగా!"

మూడు. పదిహేను. రెండూ ఎవరెవరికో అమ్ముడుపోయిన బళ్లు. రెండింటి పక్కనా నిలబడి ఫొటో కూడా దిగింది తను. ఎదుట కార్లు ఆపే చోటికేసి చూసింది. బావ కారు లేదు. రేపు ముసలాయన నోరు తెరిచేలోగా ఆ రెండూ మాయం కావాలంటే, అవి ఎక్కడున్నాయో తెలిసి ఆ పని చెయ్యగలిగినవాడు అతనొక్కడే.

"వింటున్నావా? వాటిలో తప్పెక్కడుందో చెప్పనా?" అంటున్నాడు తండ్రి.

"చెప్పావంటే ఊరుకోను నాన్నా. నేనే పట్టుకుంటాను," అని కొలతలమ్మ మెట్లు దిగి పరుగెత్తింది.